హైబ్రిడ్ కారు కొనే ముందు వేసుకోవలసిన లెక్క

మా చిన్నాయన హైదర్‌గూడలో ఉంటాడు. నగరంలో హైదర్‌గూడలు రెండున్నాయి. అత్తాపూర్ దగ్గరిది కాదు, మన నారాయణగూడ పక్కనున్నది. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి డిగ్రీ చదువు కోసం వచ్చిన నేను కూడా ఆయన ఇంట్లోనే ఉంటున్నాను. ఆసుపత్రులకు, మందుల దుకాణాలకు తిరిగి ఆర్డర్లు పట్టడం ఆయన పని. కోఠి, సికింద్రాబాదు, పంజగుట్ట ఇలా రోజుకు నలభై కిలోమీటర్లు తిరుగుతాడు. ఇప్పుడున్న పాత కారు మొరాయిస్తూ ఉంది.

ఈ సంక్రాంతికి ఊళ్ళో అందరం కూర్చున్నప్పుడు ఆయన మా నాయనతో, "అన్నా, ఈసారి హైబ్రిడ్ కారు తీస్కుందామనుకుంటున్న. మామూలు దానికంటె రెండున్నర లక్షల పైన ఎక్కువైతది. కాని పెట్రోలు సగమే తాగుతదట. ఆ ఎక్కువ పైసలు నువ్వు సర్దు. నాలుగేండ్లల్ల పెట్రోలు మీద మిగిలిన దాంతోనే తీర్చేస్త" అన్నాడు.

అప్పుడు మా ఇంట్లో పత్తి అమ్మిన డబ్బుంది. అది కొత్త బోరు కోసం దాచినది. పాత బోరు రెండేళ్ళ నుంచి ఫాల్గుణం రాగానే గాలి పోస్తున్నది. నాయన కాదనలేదు, అవుననలేదు. నా వైపు చూసి, "వీడు సైన్సు చదువుతున్నడు గద తమ్మీ, వీడు లెక్క తీసి చెప్తె ఇస్త" అన్నాడు. కొంచెం ఆగి, "ఇంతకు గీ హైబ్రిడ్ గూడ విత్తనం లెక్కనేనా? ఏటేటా కొనాల్నా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు. తరువాత ఆలోచిస్తే అది నవ్వవలసిన ప్రశ్న కాదనిపించింది. రైతు ఇంట్లో హైబ్రిడ్ అన్న మాట చాలా పాతది. మన దేశపు మొదటి హైబ్రిడ్ జొన్న సి.ఎస్.హెచ్-1 1964లో వచ్చింది. హైబ్రిడ్-4 పత్తి 1970లో వచ్చింది. దిగుబడి పెరిగిన మాట నిజమే, కాని గింజ దాచుకొని మళ్ళీ విత్తే వీలు పోయింది. ఆదా ఎక్కడ, ఖర్చు ఎక్కడ అని అడగకుండా ప్యాకెట్ మీద పేరు చూసి కొన్నవాళ్ళు దెబ్బతిన్నారు కూడా. కారు విషయంలోనూ నాయన అడిగింది అదే. నేను ఆ లెక్క తీయడానికి పూనుకొన్నాను. మన మిత్రుల ఇళ్ళలో కూడా ఎవరైనా ఈ కారు మాట ఎత్తుతుండవచ్చు కనుక ఆ లెక్కను ఈ సంచికలో పెడుతున్నాను.

ముందు పెట్రోలు ఎక్కడికి పోతున్నదో చూద్దాం. బండి, మనుషులు కలిసి 1500 కిలోలు అనుకొందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ద్రవ్యరాశిని వేగవర్గంతో హెచ్చవేసి సగం చేస్తే గతిజశక్తి 75 వేల జౌళ్ళు వస్తుంది. ఎదురుగా ఎర్రదీపం పడింది, మనం బ్రేకు తొక్కాం. ఆ 75 వేల జౌళ్ళూ బ్రేకు బిళ్ళల దగ్గర రాపిడి వల్ల వేడిగా మారి గాలిలో కలిసిపోయాయి. పచ్చదీపం పడగానే మళ్ళీ ఆ 75 వేలనూ పెట్రోలు నుంచే పుట్టించాలి. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. ఊరి రద్దీలో అందులో అయిదో వంతు చక్రాల దాకా చేరితే గొప్ప. ఈ లెక్కన ఒక్కసారి ఆగి బయలుదేరితే దాదాపు 12 మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాల పెట్రోలు పోయినట్లు. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఆపితే పోయేదీ తక్కువే. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సగమే పోతుంది.

ఇది కాగితం మీద వేసిన లెక్క. దీన్ని రోడ్డు మీద చూడాలనుకొని ఒకరోజు పొద్దున తొమ్మిది గంటలకు చిన్నాయన పక్కన నోటుబుక్కు పట్టుకొని కూర్చున్నాను. హైదర్‌గూడలో బయలుదేరి నారాయణగూడ చౌరస్తా, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆసుపత్రి మీదుగా సికింద్రాబాదు స్టేషను చేరాం. దూరం సుమారు 8 కిలోమీటర్లు. 41 నిమిషాలు పట్టింది. పూర్తిగా ఆగినవి 27 సార్లు. బండి నిలబడి ఉండగా ఇంజను ఊరికే తిరిగిన సమయం మొత్తం 13 నిమిషాలు. ఏ.సి. వేసుకొని నిలబడి ఉన్న కారు గంటకు ముప్పాతిక లీటరుకు పైగా తాగుతుంది. అంటే నిలబడినందుకు ఒక 170 మిల్లీలీటర్లు, ఆగి బయలుదేరినందుకు ఇంకొక 180. పాత కారు ఆ దారికి తాగేది మొత్తం 670 దరిదాపు. అందులో సగం బండి ముందుకు పోవడానికి కాక, ఆగడానికీ నిలబడడానికీ ఖర్చయింది! నా లెక్కలో అటూ ఇటూ కొంత తేడా ఉండవచ్చు. అయినా ఆ సగమన్న మాట నన్ను ఆశ్చర్యపరిచింది.

హైబ్రిడ్ కారు చేతిలో పెట్టుకొనేది ఈ సగాన్నే. అది శక్తిని కొత్తగా పుట్టించదు, పోయేదాన్ని కొంత పట్టుకొంటుంది. ఎలా పట్టుకొంటుందో తెలియాలంటే పాత సైకిల్ డైనమోను గుర్తు తెచ్చుకొంటే చాలు. మా తాత సైకిలుకు ఒకటుండేది. డైనమోను టైరుకు ఆనించగానే లైటు వెలిగేది, పెడలు బరువెక్కేది. ఇంటర్మీడియెట్‌లో మనం చదువుకొన్న లెంజ్ నియమం ఇదే. విద్యుత్తు పుట్టినప్పుడు అది తన్ను పుట్టించిన చలనాన్నే అడ్డుకొంటుంది. హైబ్రిడ్ కారులో బ్రేకు మెల్లగా తొక్కితే, చక్రాలకు తగిలించిన మోటారు డైనమోగా మారి బండిని ఆపుతూ బ్యాటరీని నింపుతుంది. నారాయణగూడ మీదుగా పోయే మన మెట్రో రైలు కూడా స్టేషను దగ్గర ఆగేటప్పుడు ఈ పనే చేస్తుంది. మొత్తం శక్తీ తిరిగి రాదు. దారిలో అక్కడక్కడా పోగా సగం దక్కినా మంచి పంటే.

బ్యాటరీ ఎంత పెద్దదని చిన్నాయన అడిగాడు. ఆయన మనసులో అదేదో పెద్ద ట్యాంకు. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్. అంటే మన ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్ కూడా కాదు! ఇందాకటి 75 వేల జౌళ్ళ లెక్కన 36 సార్లు ఆగితే నిండిపోతుంది. పైగా బ్యాటరీ చెడకుండా ఉండడానికి పైనుంచి కిందిదాకా ఎప్పుడూ వాడరు. కాబట్టి అది చెరువు కాదు, పొలం గట్టున ఉండే తొట్టి. కరెంటు ఉన్నప్పుడు బోరు నీళ్ళు తొట్టిలోకి పోసుకొని, కావలసినప్పుడు మడికి వదులుకొంటాం కదా, ఇక్కడా అంతే. గడియగడియకూ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటేనే తొట్టికి విలువ. సూర్యాపేట రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో పోయే బండికి ఆ తొట్టితో పెద్దగా పని పడదు. నా వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

లాభం ఇంకొక వైపు నుంచి కూడా ఉంది. పెట్రోలు ఇంజనుకు ఒక అలవాటున్నది. ఒక మోస్తరు బరువు మీద ఒకే తీరున తిప్పితే పొదుపుగా పని చేస్తుంది. చీమ నడకలో దుబారా చేస్తుంది. హైబ్రిడ్‌లో ఆ చీమ నడకను మోటారు చూసుకొంటుంది, ఇంజనుకు నచ్చిన పని ఇంజను చేస్తుంది. అందుకే ఈ కార్లలో అట్కిన్సన్ పద్ధతి ఇంజను పెడతారు. జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1882లో పేటెంటు తీసుకొన్న ఆలోచన ఇది. వాయువును కుదించిన దానికంటె ఎక్కువ దూరం వ్యాకోచించనిస్తే, పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడిలో కొంత పనిగా మారుతుంది. అయితే ఆ ఇంజనుకు బయలుదేరేటప్పుడు లాగే బలం తక్కువ. విద్యుత్ మోటారుకు సున్నా వేగం దగ్గరే బలం ఎక్కువ. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చుకొంటారు. సంకరమన్న పేరు దానికి బాగానే కుదిరింది.

రెండింటి బలాన్నీ కలిపే తీరులో కంపెనీకొక దారి. టొయోటా వారి పద్ధతిలో నడుమ సూర్యుడి వంటి ఒక గేరు, చుట్టూ గ్రహాల వంటి చిన్న గేర్లు, వాటి చుట్టూ ఒక వలయం ఉంటాయి. ఇంజను గ్రహాల చట్రాన్ని తిప్పుతుంది, సూర్యుడికి ఒక జనరేటరు, వలయానికి మోటారు, చక్రాలు తగిలి ఉంటాయి. హోండా సిటీలో ఊరి వేగాల దగ్గర ఇంజను జనరేటరును మాత్రమే తిప్పుతుంది, చక్రాలను తిప్పేది మోటారే. పెద్ద రోడ్డు మీద వేగం అందుకొన్నాక ఒక క్లచ్చి పడి ఇంజను నేరుగా చక్రాలకు కలుస్తుంది. కొనేవాడికి ఇంతకంటె లోతు అవసరం లేదు. నాకు సరదా కనుక రాశాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయాలి. బండి వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నంతమాత్రాన అది పైన చెప్పిన హైబ్రిడ్ కాదు. మైల్డ్ హైబ్రిడ్ అని ఒకటుంది. అందులో ఆల్టర్నేటరు స్థానంలో బెల్టుతో నడిచే ఒక చిన్న స్టార్టరు జనరేటరు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజనును ఆపి మళ్ళీ లేపుతుంది, బయలుదేరేటప్పుడు కొంచెం భుజం పడుతుంది. అంతే. ఒంటరిగా బండిని కదిలించలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇంజను ఆపేసి కొంత దూరం మోటారుతోనే పోగలదు. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకు కూడా రాయితీ దొరికింది, 2017లో వాటిని ఆ జాబితా నుంచి తీసివేశారు. ఒకే పేరుతో రెండు సరుకులు! చిన్నాయనతో షోరూముకు వెళ్ళినప్పుడు నేను ఒకటే ప్రశ్న అడిగాను: "సార్, ఇంజను ఆపేస్తే బ్యాటరీ మీదనే బండి కదులుతదా?" ఒక చోట అబ్బాయి అవునూ కాదూ అనకుండా సన్‌రూఫ్ తెరిచి చూపించాడు. మేము దిగి వచ్చేశాం. గోడకు ప్లగ్గు పెట్టి చార్జి చేసుకొనే ప్లగ్-ఇన్ అనే మూడో రకం కూడా ఉంది కాని, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఇవన్నీ నిన్న మొన్నటివి కావు. ఫెర్డినాండ్ పోర్షె 1900లోనే పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి నడిచే బండి చేశాడు. టొయోటా ప్రియస్ జపానులో 1997 డిసెంబరులో వచ్చింది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ దిగుమతి అయి వచ్చింది, ధర ఇరవై లక్షలు దాటేసరికి జనం దణ్ణం పెట్టారు. మధ్యతరగతి వారు ఈ కారు ధర అడగడం మొదలైంది 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్లు వచ్చిన తరువాతే.

ఇక డబ్బు లెక్క. గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో విడుదలైనప్పుడు, ఒకే మోస్తరు హంగులున్న మైల్డ్ ఆటోమాటిక్‌కూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ షోరూము ధరలో తేడా 2 లక్షల 60 వేలు. ధరలు మారుతూ ఉంటాయి కనుక కొనేవారు ఆనాటి తేడా వేసుకోవాలి. చిన్నాయన చెప్పిన తేడా కూడా ఇంచుమించు అదే కాబట్టి నేను దీనితోనే లెక్క వేశాను. ప్రభుత్వ పరీక్షలో మైల్డ్ ఆటోమాటిక్ మైలేజీ 20.58, స్ట్రాంగ్‌ది 27.97. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకొంటే పది వేల కిలోమీటర్లకు మిగిలేది 13,700 రూపాయలు. ఆ లెక్కన 2 లక్షల 60 వేలు తిరిగి రావాలంటే బండి 1 లక్షా 89 వేల కిలోమీటర్లు తిరగాలి. చిన్నాయనకు ఇది పదహారేళ్ళ పని.

ఈ అంకె చూపించగానే ఆయన ముఖం వాడిపోయింది. కాని పరీక్షలో మైలేజీ వేరు, చిక్కడపల్లిలో మైలేజీ వేరు. ఆయన పాత కారు ఈ తిరుగుడులో లీటరుకు 12 ఇస్తుంది. పెద్ద ఆటోమాటిక్ కూడా అంతే ఇస్తుందనుకొన్నాను. హైబ్రిడ్ నడిపేవాళ్ళు ఇద్దరు ముగ్గురిని అడిగి, ఊళ్ళో దానికి 22 వేసుకొన్నాను. అప్పుడు పది వేల కిలోమీటర్లకు మిగులు 40,500 రూపాయలు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే చిన్నాయనకు 48,600. అయిదేళ్ళ నాలుగు నెలల్లో తేడా తీరిపోతుంది. అదే బండిని మా నాయన తన అవసరాలకు, అంటే నెలకొకసారి ఊరికీ పట్నానికీ మధ్య జాతీయ రహదారి మీద నడిపితే? ఏడాదికి 3,600 కిలోమీటర్లు. పెద్ద రోడ్డు మీద మామూలుది 18, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకొంటే ఏడాదికి మిగిలేది మూడు వేలు. తేడా తీరడానికి 85 ఏళ్ళు పడుతుంది!

కారు ఒకటే, ధర ఒకటే, మనిషి మారితే లెక్క ఇంతగా మారింది. కాబట్టి ఏ హైబ్రిడ్ మంచిదని అడిగే ముందు వారం రోజులు మన తిరుగుడును రాసుకోవడం మేలు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిసార్లు ఆగుతున్నాం అన్నది చూడాలి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా స్టీల్ బ్రిడ్జి వచ్చింది కదా, రోజూ దాని మీదుగా పోయేవాడికి క్రాస్ రోడ్స్ సిగ్నళ్ళే తగలవు. ఆ మేరకు హైబ్రిడ్‌కు పని తగ్గినట్లే.

ఇంతవరకు సంతోషమే. అయితే ఈ 2 లక్షల 60 వేలు ఎవరివి? ఇక్కడ మా ఇంటి లెక్క మొదలవుతుంది. నాయన పత్తి డబ్బు కారుకు ఇస్తే బోరుకు అప్పు తేవాలి. మా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 5,200, ఏడాదికి 62,400. చిన్నాయనకు పెట్రోలు మీద మిగిలేది 48,600. అంటే అసలు మాట దేవుడెరుగు, వడ్డీకే ఏటా దాదాపు పద్నాలుగు వేలు చేతి నుంచి పడుతుంది. అన్న అప్పు, తమ్ముడి ఆదా ఒకదాన్నొకటి ఎన్నటికీ అందుకోవు. అదే బ్యాంకులో 9 శాతానికి దొరికితే, పెట్రోలు మీద మిగిలినదంతా కడుతూ పోతే ఏడున్నర ఏళ్ళకు తీరుతుంది.

ఈ ఏడున్నరకు ఇంకొక ప్రాముఖ్యం ఉంది. నాయన విత్తనం ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. బ్యాటరీని ఏటేటా కొనవలసిన పని లేదు. మారుతి, టొయోటా, హోండా తమ హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే హామీ 8 ఏళ్ళు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బాకీ ఆ ఎనిమిదేళ్ళ లోపల తీరిపోతే భయం లేదు. ఎనిమిది దాటాక తీరేటట్లయితే, తీరకముందే బ్యాటరీకి ఖర్చు వచ్చే ప్రమాదాన్ని మనమే నెత్తిన పెట్టుకొన్నట్లు.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ వెనక కూర్చొంటుంది కనుక డిక్కీ తగ్గుతుంది. గ్రాండ్ విటారాలో 373 లీటర్ల డిక్కీ హైబ్రిడ్‌లో 265 అవుతుంది. "మరి ఊరి నుంచి బియ్యం బస్తాలు యాడ పెడ్తవ్ తమ్మీ?" అని మా అమ్మ అడిగింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఏడాది తిండి ఊరి నుంచే వస్తుంది. పన్ను సంగతి చూస్తే, 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మారింది. నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను హైబ్రిడ్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం వేశారు. పూర్తి విద్యుత్ కార్లకు 5 శాతమే. పైగా మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా చేసింది. స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసివేసినది ఉత్తర ప్రదేశ్, 2024 జూలైలో. మరి చిన్నాయన విద్యుత్ కారే ఎందుకు కొనకూడదు? ఇంటి కింద సొంత పార్కింగు, అందులో ఒక ప్లగ్గు ఉన్నవారు తప్పకుండా ఆ ఆలోచన చేయాలి. చిన్నాయనది పాత అపార్టుమెంటులో అద్దె ఇల్లు. కారు నిలిపేది గల్లీలో, వేపచెట్టు కింద. మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీయలేం కదా. సెల్లారు పార్కింగు ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మనం చూశాం. హైబ్రిడ్ అయినా, విద్యుత్ కారు అయినా నీళ్ళు చేరితే బ్యాటరీకి బీమా వర్తిస్తుందో లేదో కొనే రోజే రాతపూర్వకంగా అడగాలి.

మా ఇంటి కథకు వస్తే, లెక్కల కాగితాన్ని నేను ముందు చిన్నాయనకే చూపించాను. వడ్డీ గీత దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. తరువాత ఫోను తీసి, "అన్నా, నువ్వు బోరు ఏస్కో. నేను బ్యాంకుల జూస్కుంట" అన్నాడు. బోరు ఉగాదికి ముందు వేశారు, 280 అడుగులకు నీళ్ళు పడ్డాయి.

చిన్నాయన హైబ్రిడ్డే కొన్నాడు. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం. ట్రయల్‌కు షోరూమువాళ్ళు ఖాళీ రోడ్డు చూపిస్తే ఒప్పుకోక, సాయంత్రం ఆరున్నరకు బషీర్‌బాగ్ నుంచి హిమాయత్‌నగర్ దాకా నడిపి చూసి కొన్నాడు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ బిల్లు నాకు ఇస్తాడు, నేను ఫిజిక్సు రికార్డు వెనక పేజీలో రాస్తాను. మొదటి రెండు వేల కిలోమీటర్లకు సగటు 20.6 వచ్చింది. నేను వేసుకొన్న 22 రాలేదు. ఎండాకాలం, ఏ.సి. ఆపకుండా నడిచింది, చలికాలంలో మళ్ళీ చూడాలి. ఈ అంకెతో లెక్క తిరిగి వేస్తే ఏడాది మిగులు నాలుగు వేలు తగ్గింది. బ్యాంకు బాకీ తీరే గడువు ఏడున్నర ఏళ్ళ నుంచి ఎనిమిదిన్నరకు జరిగింది, అంటే బ్యాటరీ హామీ ముగిసిన ఆరు నెలలకు. ఆ కాగితం చిన్నాయనకు ఇంకా చూపించలేదు.